వంకర తీసిన చేతులు: తిరుపతి, చిత్తూరు టింకరింగ్ షెడ్లలో కులం, నైపుణ్యం

పలమనేరు దాటి చిత్తూరు వైపు వచ్చే దారిలో మొగిలి ఘాట్ ఉంది. అక్కడ బండ్లు గుద్దుకోవడం కొత్తేమీ కాదు. పోలీసుల పని అయిపోయినాక దెబ్బ తిన్న కారును గొలుసు కట్టి చిత్తూరు షెడ్డుకు లాక్కొస్తారు. బానెట్ గుడారం మాదిరి పైకి లేచి ఉంటుంది. ఒక పక్క తలుపు తెరుచుకోదు, ఇంకో పక్క తలుపు మూసుకోదు. కారు యజమాని చుట్టూ తిరిగి తల పట్టుకుంటాడు. మేస్త్రి మాత్రం ఏమీ మాట్లాడడు. అరచేయి బోర్లా పెట్టి రేకు మీద నిదానంగా జరుపుతాడు. కండ్లు ఎటో చూస్తుంటాయి, చేయి మాత్రం వెతుకుతూ ఉంటుంది. కొన్ని వారాలకు ఆ కారు గుద్దుకున్న గుర్తు లేకుండా షెడ్డు నుంచి బయటికొస్తుంది.

ఆ చేయి ఎవరిది? ఏ పల్లె నుంచి వచ్చింది? సుత్తి ఆ చేతికి ఎప్పుడు, ఎవరి ద్వారా అందింది? ఈ వ్యాసంలో మేము వేసుకుంటున్న ప్రశ్నలు ఇవే.

రాయలసీమ చరిత్ర అనగానే పాలెగాళ్ళు, కరువులు, ఫ్యాక్షన్లు, తిరుమల శాసనాలు. కార్మిక చరిత్ర అనగానే మిల్లులు, రైల్వేలు, యూనియన్లు. మూడు రేకులు, ఒక వేపచెట్టు, ఒక గ్యాస్ సిలిండరు ఉన్న షెడ్డు ఈ రెండింట్లోనూ లేదు. మన దళిత పరిశోధకులమూ తక్కువేం తినలేదు. డప్పు మీద రాసినాం, చెప్పు మీద రాసినాం, మగ్గం మీద రాసినాం. కులవృత్తి ఉన్నచోటే చరిత్ర ఉంటుందన్నట్టు, కులం అంటగట్టిన పనుల్నే వెతుక్కుంటూ పోయినాం. ఏ కులానికీ రాసిపెట్టని పనిలోకి మనవాళ్ళు ఎట్లా దూరినారన్నది అడగలేదు. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి వాళ్ళం మేమే. మా హాస్టల్ మెస్ బిల్లు చాలా నెలలు కట్టింది మా మేనమామ. ఆయన టింకర్. అందుకని ఈ వ్యాసం దూరం నుంచి చూసి రాసేది కాదు, అట్లా అని నటించడమూ మాకు ఇష్టం లేదు.

ముందు మాట సంగతి చూద్దాం. మన దగ్గర కారు సొట్టలు తీసేవాణ్ణి టింకర్ అంటాం, ఆ పనిని టింకరింగ్ అంటాం. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండుల్లో టింకర్ అంటే ఊరూరా తిరిగి కుండలకు, గిన్నెలకు మాట్లు వేసేవాడు. ఇల్లూ వాకిలీ లేని సంచారి. ఐర్లండులో సంచార జాతి జనాన్ని తిట్టడానికి ఈ మాటే వాడినారు. వాళ్ళను ప్రత్యేక జాతి సమూహంగా అక్కడి ప్రభుత్వం గుర్తించింది 2017లో. పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు రచయిత జాన్ బన్యన్ కూడా టింకరే. దొరలతోపాటు సముద్రం దాటి వచ్చిన ఆ మాట మన షెడ్లలో స్థిరపడింది. ఇక్కడ అది తిట్టు కాలేదు, బోర్డు మీద గర్వంగా రాసుకునే మాట అయింది. తిట్టుమాట ఒకటి దేశం మారి గౌరవం సంపాదించుకోవడం అరుదు. మనకు తెలిసిన మాటలు చాలావరకు రెండోవైపుకే పోయినాయి.

ఇంగ ఇనుము సంగతి. మోటారు రాకముందు మన ఊళ్ళలో సుత్తి ఉండేది కమ్మరి కొలిమిలో. కొలిమికి గాలి ఊదాలంటే తిత్తి కావాలి. తిత్తికి తోలు కావాలి. చచ్చిన గొడ్డును మోసుకుపోయి, తోలు ఒలిచి, తంగేడు చెక్కలో ఊరబెట్టి పదును చేసింది మాదిగలు. తిత్తి తోలు లేకుండా కొలిమి మండదు, కొలిమి మండకుండా నాగలి కర్రుకు పదును రాదు, కర్రు లేకుండా రెడ్డిగారి చేను దున్నడం కుదరదు. ఇంత దగ్గరి సంబంధం ఉన్నా దాగలి మీద సుత్తి ఎత్తే హక్కు మాత్రం తోలు ఇచ్చినవాడికి రాలేదు. అంబేద్కర్ 1936లో కులనిర్మూలన గురించి రాస్తూ తేల్చిన విషయం ఇదే. కులం పనిని పంచడంతో ఆగదు, పనిచేసేవాళ్ళను ఒకరికొకరు అంటకుండా గదులు కట్టి విడగొడుతుంది. కొలిమికి తిత్తి ఇచ్చినవాడు కొలిమి బయట నిలబడడం కంటే దానికి రుజువు ఏం కావాలి?

ఇందులో ఇంకో మెలిక ఉంది. దక్షిణాదిలో చాలాకాలం కులాలు కుడిచేయి, ఎడమచేయి అని రెండు పక్షాలుగా ఉండేవి. కంసాలి, కమ్మరి మొదలైన పంచాణం వాళ్ళు ఎడమచేతి పక్షం. మాదిగలూ ఎడమచేతి పక్షమే. మాలలు కుడిచేతి పక్షం. ఊరేగింపు ఏ వీధిలో పోవాలి, పెండ్లిలో ఏ గుర్తులు వాడాలి అనే తగాదాల్లో పంచాణం వాళ్ళు ఒకవైపు నిలబడితే మాదిగలు అదే వైపు దెబ్బలు తిన్నారు. మా చిత్తూరుకు ఈ చరిత్రలో ప్రత్యేకమైన చోటు ఉంది. తమ పెండ్లిండ్లు తమ పురోహితులే చేయించుకుంటారనే హక్కు కోసం పంచాణం వాళ్ళు బ్రాహ్మణులతో తలపడిన వివాదం చిత్తూరు జిల్లా అదాలతులో నడిచింది. 1818లో వాళ్ళకు అనుకూలంగా తీర్పు వచ్చింది. బ్రాహ్మణాధిపత్యాన్ని కోర్టులో నిలదీసిన తొలి సందర్భాల్లో ఇదొకటి. విశ్వబ్రాహ్మణులు దీన్ని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. కాకపోతే వాళ్ళు అడిగింది బ్రాహ్మణుడితో సమానమైన మెట్టు. తమ పక్షాన నిలబడిన మాదిగకు కొలిమిలో చోటు ఇవ్వడం ఆ దావాలో లేదు. ఎవరినో తప్పుబట్టడానికి కాదు ఈ మాట చెప్పేది. సుత్తి కులం గోడ దాటడానికి ఇంకో వందేళ్ళకు పైగా పట్టిందని గుర్తు చేయడానికి.

ఆ గోడను దాటించింది ఏ సంస్కర్తా కాదు. మోటారు కారు.

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మద్రాసు కిందే ఉంది. మోటారు సంస్కృతి మాకు మద్రాసు నుంచే వచ్చింది. 1840లో అక్కడ మొదలైన సింప్సన్ కంపెనీ గుర్రపు కోచ్‌లు కట్టేది. 1903లో అదే కంపెనీలో ఆవిరితో నడిచే కారు తయారైంది. అంటే కోచ్‌లు కట్టిన చేతులే కార్ల బాడీలు కట్టడం మొదలుపెట్టినాయి. తొలినాటి కార్లకు లోపల కట్టె చట్రం, దాని మీద సాగగొట్టిన రేకు. బాడీ సొట్టపోతే వడ్రంగీ కావాలి, రేకు కొట్టేవాడూ కావాలి. అమెరికాలో ఎడ్వర్డ్ బడ్ అనే ఆయన పూర్తి ఉక్కు బాడీని డాడ్జ్ కంపెనీకి పెద్ద ఎత్తున చేసిపెట్టడం 1914లో మొదలైంది. కట్టె పోయి అచ్చు గుద్దిన ఉక్కు రేకు వచ్చేసరికి వడ్రంగి పక్కకు జరిగినాడు. అప్పుడు కొత్త పని ఒకటి పుట్టింది. కమ్మరి పనిలో ఇనుము ముద్దను కాల్చి సాగగొడతారు. ఇక్కడ అట్లా కాదు. అర మిల్లీమీటరు, ముప్పావు మిల్లీమీటరు, మహా అయితే ఒక మిల్లీమీటరు మందం ఉండే రేకును చాలావరకు చల్లగానే, దాని పాత ఆకారానికి తేవాలి. ఈ పని ఏ శాస్త్రంలోనూ లేదు, ఏ కులానికీ వారసత్వంగా రాలేదు. కులపురాణం రాసుకునే తీరిక కూడా ఎవరికీ దొరకలేదు.

తిరుపతిలో ఈ పనికి గిరాకీ తెచ్చింది కొండ. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచేదాకా తిరుమలకు నడక, లేకుంటే డోలీ. తర్వాత బస్సులు, కార్లు. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చినాక ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి. దేవుడి దగ్గరికి పోయేవాళ్ళ కార్లు మలుపుల్లో గోడకు రాసుకోవడం, దిగేటప్పుడు ముందు బండిని గుద్దడం షెడ్లకు నిత్యపు పని అయింది. అది కాక పుత్తూరు, నగరి మీదుగా మద్రాసు రోడ్డు, భాకరాపేట ఘాట్ మీదుగా మదనపల్లె రోడ్డు. చిత్తూరుకైతే పాత 4వ నంబరు జాతీయ రహదారి, అంటే బెంగళూరు మద్రాసు రోడ్డు. పాత తలుపులు, బానెట్లు కావాలంటే మద్రాసు పుదుపేటకు పోయి వెతికి తెచ్చుకోవడం ఇక్కడి షెడ్లకు అలవాటు.

ఈ షెడ్లను నడిపింది ఎవరు? మేము తిరిగిన షెడ్లలో పాత ఉస్తాదులు ఎక్కువమంది ముస్లింలు. ఇది చిత్తూరు జిల్లా ఒక్కదాని సంగతి కాదు. ముస్లింలు ఎక్కువగా బతుకుతున్న రంగాల్లో మోటారు వాహనాల మరమ్మతు ఒకటని 2006లో సచార్ కమిటీ కూడా చెప్పింది. సర్కారు ఉద్యోగాలు దొరకనివాళ్ళు ఎవరినీ అడగక్కర్లేని పనిలోకి పోయినారు. దళిత పిల్లలు వాళ్ళ దగ్గరికి ఎట్లా చేరినారన్నదే మాకు ముఖ్యమైన ప్రశ్న. మా అభిప్రాయం ఇది: ఆ దారి షెడ్డు కంటే పాతది. చిత్తూరుకు పక్కనే ఉన్న రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి తోళ్ళ వ్యాపారానికి పేరుపడిన ఊళ్ళు. అక్కడి తోలు వ్యాపారుల్లో ముస్లింలు ఎక్కువ. తోలు ఒలిచి, ఊరబెట్టి, కడిగిన కూలీలు ఎక్కువగా దళితులు. తోలును ముట్టుకోవడానికి వెనకాడని వ్యాపారికి, తోలు ముట్టుకున్నందుకు వెలివేయబడిన మనిషికి మధ్య బేరం ఉంది, మోసమూ ఉంది, కానీ అంటు లేదు. మోటారు షెడ్డు వచ్చినప్పుడు పల్లె పిల్లోణ్ణి చేర్చుకోవడానికి ఉస్తాదుకు అడ్డం రానిది ఆ పాత అలవాటే అని మేము అనుకుంటున్నాం. విశ్వబ్రాహ్మణులూ మోటారు రంగంలోకి వచ్చినారు. వాళ్ళు ఎక్కువగా లేతు పనికి, వెల్డింగుకు, లారీ బాడీలు కట్టే పనికి పోయినారు. గుద్దుకున్న కారు కింద పడుకుని మట్టి, గ్రీజు పూసుకునే పని మిగిలినవాళ్ళకు మిగిలింది.

మా మామ పన్నెండేండ్లప్పుడు షెడ్డుకు పోయినాడు. మొదటి ఏడాది సుత్తి ఇవ్వలేదు. స్పానర్లు అందించడం, టీ తేవడం, ఉప్పుకాగితంతో రుద్దడం. జీతం లేదు, మధ్యాహ్నం తిండి, పండగకు గుడ్డలు. తప్పు చేస్తే దెబ్బ పడేది. ఉస్తాదుల్ని దేవుళ్ళను చేసి రాయడం మాకు ఇష్టం లేదు. 1986 బాలకార్మిక చట్టం నిషేధించిన పనుల జాబితాలోకి మోటారు వర్క్‌షాపులు కూడా తర్వాత చేరినాయి, అది న్యాయమే. అయితే ఒక్క సంగతి మామ ఎప్పుడూ చెబుతాడు. ఊళ్ళో హోటల్లో వాళ్ళకు వేరే గ్లాసు ఉన్న రోజుల్లో షెడ్డులో ఉస్తాదు తాగిన గ్లాసులోనే ఆయనా టీ తాగినాడు.

ఇప్పుడు పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఈ పని చేసేవాణ్ణి కాగితాల మీద నైపుణ్యం లేనివాడు అని రాస్తారు, లేదా అర్ధ నైపుణ్యం అని రాస్తారు. ఆ మాట ఎంత అబద్ధమో పనిలోకి దిగితేనే తెలుస్తుంది.

ఉక్కు రేకు ఒకసారి ముడతపడితే ఆ ముడత దగ్గర గట్టిపడుతుంది. పక్కనున్న రేకు కంటే అక్కడ మొండిగా ఉంటుంది. అందుకే కొత్తవాడు చేసే మొదటి తప్పు, సొట్ట లోతుగా ఉన్నచోట లోపల్నించి ఒక్క దెబ్బ బలంగా కొట్టడం. సొట్ట లేవదు, చుట్టూ ఉన్న మెత్తటి రేకు సాగి ఇంకో నాలుగు గడ్డలు లేస్తాయి. పెద్ద టింకర్లు ముందు దెబ్బను చదువుతారు. ఏ దిక్కు నుంచి తగిలింది, యాడ మొదట తగిలింది, అక్కణ్ణించి బలం ఎట్లా పాకింది. చెరువులో రాయి వేస్తే అలలు ఒడ్డుకు వచ్చినట్టు దెబ్బ బయటికి పాకుతుంది. చివర వచ్చిన ముడతను ముందు వదిలించాలి, మొదట తగిలిన చోటికి చివర రావాలి. ఈ వరస తప్పితే రేకు మాట వినదు.

చేతిలో రెండు సామాన్లు. ఒక చేతిలో సుత్తి, రేకుకు అవతలి వైపు రెండో చేతిలో డాలీ అనే నున్నటి ఇనుప దిమ్మ. మా మామ దగ్గరున్న డాలీ రైలు పట్టా ముక్క నుంచి అరగదీసి చేసుకున్నది. సుత్తి సరిగ్గా డాలీ మీద పడితే మధ్యలో ఉన్న రేకు నలిగి సాగుతుంది. సుత్తి డాలీకి పక్కన పడితే పైకి లేచిన గడ్డ కిందికి దిగుతుంది, డాలీ ఉన్నచోట లోతు పైకి వస్తుంది. ఎప్పుడు మీద కొట్టాలి, ఎప్పుడు పక్కన కొట్టాలి అన్నది చప్పుడును బట్టి తెలుస్తుంది. డాలీ మీద పడిన దెబ్బ గంటలా మోగుతుంది, పక్కన పడింది బద్దగా వినిపిస్తుంది. రేకు ఎక్కువ సాగిపోతే నూనె డబ్బా అడుగు మాదిరి లోపలికీ బయటికీ టక్కుటక్కుమంటుంది. అప్పుడు గ్యాస్ మంటతో రూపాయి బిళ్లంత చోటు ఎర్రగా కాల్చి, చుట్టూ మెల్లగా కొట్టి, తడిగుడ్డ వేస్తారు. కాలిన చోటు ముడుచుకుని రేకు బిగుస్తుంది. ఒక్క క్షణం ఎక్కువైతే రేకు మెలి తిరుగుతుంది.

రేకు ఒక్కటే అయితే సులభం. జీపుకు, లారీకి కింద వేరే చాసిస్ ఉంటుంది, బాడీని విప్పి పక్కన పెట్టవచ్చు. 1957లో వచ్చిన అంబాసిడర్‌కు గానీ, 1974 నుంచి పద్మిని పేరుతో వచ్చిన ఫియట్‌కు గానీ అట్లా లేదు. బాడీయే చాసిస్. ముందు గట్టిగా గుద్దుకుంటే కారు మొత్తం ఒక పక్కకు వంకరపోతుంది. అప్పుడు సుత్తి చాలదు, లాగాలి. యంత్రాలు లేని రోజుల్లో వేపచెట్టుకో, భూమిలో పాతిన రైలు పట్టాకో గొలుసు కట్టి, చైన్‌బ్లాకుతో లాగేవాళ్ళు, లోపల్నించి జాకీతో నెట్టేవాళ్ళు. ఉక్కు వెనక్కి తన్నుతుంది కాబట్టి కావలసినదానికంటే రవ్వంత ఎక్కువ లాగి వదలాలి. ఎంత ఎక్కువ? దానికి పుస్తకం లేదు. సరైందా లేదా చూడ్డానికి తాడు. ఎడమ ముందు మూల నుంచి కుడి వెనక మూలకు ఒకటి, కుడి ముందు నుంచి ఎడమ వెనకకు ఒకటి. రెండు తాళ్ళూ సమానమైతే కారు నిలబడింది. మా మామ ఏడో తరగతి దాటలేదు. దీర్ఘచతురస్రంలో కర్ణాలు సమానమని ఆయనకు ఏ అయ్యవారూ చెప్పలేదు.

ఆఖరికి అరచేయి. రేకు మీద గుడ్డ వేసి, గుడ్డ మీద అరచేయి పొడుగునా జరిపితే కంటికి కనపడని ఎత్తుపల్లాలు తెలుస్తాయి. తర్వాత ఆకురాయితో ఒకసారి గీస్తారు. మెరిసిన చోటు ఎత్తు, మెరవని చోటు పల్లం. ఆ మిగిలిన పల్లానికే లప్పం. పూర్వం సీసం కరిగించి నింపేవాళ్ళు, ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి పోయేది. అమెరికాలో 1950ల్లో మొదలైన పాలిస్టర్ లప్పం తర్వాత మన దగ్గరికీ వచ్చింది. లప్పం వచ్చినాక పని నాణ్యత తగ్గిందని పెద్ద టింకర్లందరూ తిడతారు. సొట్ట తీయకుండా అంగుళం మందాన లప్పం పూసి రంగు కొట్టి పంపేవాళ్ళు ఉన్నారు. నిజమే. అయస్కాంతం తగిలిస్తే అతుక్కోదు, దొంగ దొరుకుతాడు. అయితే రెండు రోజుల్లో కారు కావాలి, డబ్బులు మాత్రం సగమే ఇస్తామని ఒత్తిడి చేసే యజమాని గురించి ఎవరూ తిట్టరు.

ఇంత పని తెలిసినవాడి దగ్గరకు కులం తిరిగి ఎట్లా వచ్చింది? పెట్టుబడి రూపంలో వచ్చింది. షెడ్డు స్థలం రోడ్డు పక్కన ఉండాలి. రోడ్డు పక్కన జాగా ఎవరిది? అడ్వాన్సు ఎవరిస్తారు? వెల్డింగ్ సెట్టు, కంప్రెసరు, సిలిండరు డిపాజిట్టు ఎవరు పెడతారు? షెడ్యూల్డు కులాల ఫైనాన్స్ కార్పొరేషన్ మన రాష్ట్రంలో 1974లో పెట్టినారు. మా పల్లెలో దాని రుణం మీద గేదెలు చూసినాం, ఆటోలు చూసినాం. టింకరింగ్ షెడ్డు పెట్టినవాణ్ణి చూడలేదు. అందుకని మనవాళ్ళు ఎక్కువగా నగ పనికి, అంటే ఒక్కో బండికి ఇంత అని మాట్లాడుకుని ఇంకొకరి షెడ్డులో పని చేసే మేస్త్రులుగా మిగిలినారు. కారు యజమానితో మాట్లాడేది, బిల్లు రాసేది, గల్లాపెట్టె దగ్గర కూచునేది షెడ్డు ఓనరు. షెడ్డులో కులం అడగరు, నిజమే. కారు ఇంటికి తోలి ఇవ్వడానికి పోయినప్పుడు మాత్రం యాడి నుంచి వస్తున్నావని అడుగుతారు. పల్లె పేరు చెప్పకుండా మండలం పేరు చెప్పడం మా మామ అట్లా నేర్చుకున్నాడు. ఒకసారి అరగంట అరచేత్తో తడిమి నున్న చేసిన కారును అప్పగిస్తే, తాళంచెవి చేతికి తీసుకోకుండా గోడ మీద పెట్టమన్నారట. షెడ్డుకూ వాకిలికీ మధ్య దూరం అది.

ఇదే పని చేసిన ఇంకో గుంపు ఉంది. 1958లో ఏర్పడిన ఆర్టీసీకి సొంత గ్యారేజీలు ఉన్నాయి. రిజర్వేషన్ల వల్ల అక్కడ శ్రామిక్ పోస్టుల్లోకి దళితులు పోగలిగినారు. అదే సుత్తి, అదే రేకు. వాళ్ళకు నెల జీతం, ప్రావిడెంట్ ఫండ్, ఆసుపత్రి. మధ్యలో ఉన్నది ఐటీఐ సర్టిఫికెట్టు. 1961 అప్రెంటిస్ చట్టంలో షెడ్యూల్డు కులాలకు శిక్షణ స్థానాలు కేటాయించే సెక్షన్ తర్వాత చేర్చినారు. కానీ పన్నెండో ఏట బడి మానినవాడికి ఐటీఐ తలుపు తెరుచుకోదు. చదువు లేక షెడ్డుకు పోయినాడు, షెడ్డుకు పోయినందుకు చదువు లేదు.

1983 డిసెంబరులో మొదటి మారుతి కారు బయటికి వచ్చినాక కథ మళ్ళీ మారింది. అంబాసిడర్ కంటే పలచటి రేకు. విరిగిన దాన్ని బాగు చేసేకంటే కొత్త ముక్క తగిలించడం తేలిక. అప్పటికి సాధారణ బీమా అంతా ప్రభుత్వానిదే, 1973 నుంచి నాలుగు కంపెనీలు. సర్వేయరు షెడ్డుకే వచ్చి చూసి అంచనా రాసేవాడు. 2000 తర్వాత ప్రైవేటు బీమా కంపెనీలు వచ్చినాయి, వాటితోపాటు నగదు లేని క్లెయిము వచ్చింది. బీమా కంపెనీతో ఒప్పందం ఉన్న వర్క్‌షాపుకు పోతే యజమాని పెద్దగా డబ్బు కట్టక్కర్లేదు. బిల్లు పుస్తకం సరిగా లేని వేపచెట్టు షెడ్డుకు ఆ ఒప్పందం ఎవరిస్తారు? బీమా ఉన్న కార్లు కంపెనీ షోరూముల వెనక్కి పోయినాయి. పాత కార్లు, బీమా లేని కార్లు, ట్యాక్సీలు షెడ్డుకు మిగిలినాయి. అంబాసిడర్ తయారీ కూడా 2014లో ఆగిపోయింది.

కంపెనీల వాదనలో నిజం లేదని మేము అనడం లేదు. కొత్త కార్లలో ఎక్కువ బలమున్న ఉక్కు వాడుతున్నారు. దాన్ని గ్యాస్ మంటతో కాలిస్తే ఆ బలం పోతుంది. ఢీకొన్నప్పుడు ముందుభాగం నలిగి లోపలి మనుషుల్ని కాపాడేటట్టు లెక్క కట్టి చేస్తున్నారు. 2017 అక్టోబరు నుంచి కొత్త మోడళ్ళకు ఢీకొట్టే పరీక్షలు తప్పనిసరి అయినాయి. అట్లాంటి బాడీని తాడుతో కొలిచి, వేపచెట్టుకు కట్టి లాగితే మనుషుల ప్రాణం మీదికి రావచ్చు. బండిని బిగించి, ప్రతి బిందువునూ మిల్లీమీటరుతో కొలిచి లాగే బెంచీ కావాలి. ఒప్పుకుంటాం. మా ప్రశ్న వేరే. ఆ బెంచీ దగ్గర నిలబడేది ఎవరు? ముప్పై ఏండ్లు దెబ్బను చదివినవాడికి ఆ మీటరు చదవడం నేర్పడానికి ఎన్ని నెలలు పడుతుంది? ఎవరైనా నేర్పినారా?

మా మామ నలభై దాటినాక ఒక కంపెనీ వర్క్‌షాపుకు పనికి పోయినాడు. సర్టిఫికెట్టు అడిగినారు. లేదు కాబట్టి హెల్పరుగా రాసుకున్నారు. ఐటీఐ చదివి వచ్చిన ఇరవై రెండేండ్ల పిల్లవాడు పైన. తలుపు గీతలు కుదరని బండి వస్తే ఆ పిల్లవాడే వచ్చి అన్నా, ఒకసారి చేయి పెట్టు అనేవాడు. పిల్లవాడు మంచోడే. జీతం కాగితంలో మాత్రం ఒకరు టెక్నీషియన్, ఒకరు హెల్పర్. ఏడాదికి మామ మళ్ళీ షెడ్డుకు వచ్చేసినాడు. నేర్చుకున్న పనిని పరీక్ష పెట్టి గుర్తించే పద్ధతి 2015 తర్వాత కేంద్ర నైపుణ్య పథకంలో ఉంది. మేము ఫారాలు తెచ్చి ఇచ్చినాం. పరీక్ష రాసే భాష, ఫోటోలు, ఆధార్, ఒక రోజు కూలి పోవడం. ఆయన నవ్వి ఆ కాగితాల మీద లప్పం కలుపుకున్నాడు. మాకు కోపం వచ్చింది, తర్వాత పోయింది.

చెవుల సంగతి రాయకపోతే ఈ చరిత్ర సగమే. నలభై ఏండ్లు రేకు మీద సుత్తి చప్పుడు విన్న చెవులు ఇప్పుడు ఫోను మోగినా వినవు. ఇప్పటి రెండు డబ్బాలు కలిపి కొట్టే రంగుల్లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, వాటి వల్ల ఉబ్బసం వస్తుందని వైద్యులకు తెలిసిన విషయమే. ఇద్దరు, ముగ్గురు పనిచేసే షెడ్డు ఈఎస్ఐ కిందికి రాదు. కాబట్టి ఈ జబ్బులకు లెక్క లేదు, పరిహారమూ లేదు.

తనకు పని నేర్పినవాళ్ళ పేర్లు చెప్పమని పోయిన నెల మామను అడిగినాం. చెవి దగ్గర గట్టిగా అరిచి అడగాల్సి వచ్చింది. వేళ్ళ మీద లెక్క పెట్టినాడు. ఏడుగురు. నలుగురు ముస్లింలు, ఇద్దరు మాదిగలు, ఒకాయన మాల. ఒక్కొక్కరు ఏ బండి మీద చేయి తిరిగినవాళ్ళో కూడా చెప్పినాడు: ఒకాయన జీపు, ఒకాయన ఫియట్ తలుపులు, ఒకాయన సీసం పని. ఏడుగురిలో ఐదుగురు చనిపోయినారు. మిగిలిన ఇద్దరిలో ఒకరు పాకాలలో ఉన్నారు, ఇంకొకరు కూతురి దగ్గర గుడియాత్తంలో. పాకాల ఆయన దగ్గరికి వచ్చే ఆదివారం పోతున్నాం.